బూజుగడ్డి మందు, సర్పి నొప్పి

ఇంటిలో పెద్దవారికి ఒకనాటి ఉదయము నడుమునకు ఒక ప్రక్కన మంట మొదలగును. ఏదో పురుగు ప్రాకినదని అనుకొందురు. రెండు మూడు దినములు గడచునప్పటికి అక్కడ నీటిపొక్కులు గుత్తులు గుత్తులుగా లేచి, వెన్ను నుండి ముందుకు పట్టీ వలె సాగును. చూడవచ్చిన వారు "ఇది సర్పి" అని తేల్చివేయుదురు. పాము తల, తోక కలిసికొన్నచో ప్రాణము దక్కదని పల్లెలలో పెద్దలు భయపడుట మనము ఎరిగినదే. దానికి వైద్యులు పెట్టిన "జోస్టర్" అను గ్రీకు పేరునకు అర్థము నడికట్టు. మన మాటలో ఒడ్డాణమనుకొనవచ్చును.

తల, తోక కలియునను భయమునకు ఆధారము లేదు. వెన్నుపాము నుండి వెలువడు ఒక నరము శరీరమున ఒక సగమునకే ప్రాకును కనుక, ఆ నరము వెంట లేచిన పొక్కులు సాధారణముగా నడిమి గీత దాటవు. అయితే భయపడవలసినది వేరొకటి కలదు. అది ఒంటి మీద కాక, ఆ పెద్దవారి మందుల పెట్టెలో ఉండవచ్చును. వారు గుండెజబ్బునకో, పక్షవాతము రాకుండుటకో "రక్తము పలుచబడు బిళ్ల" ప్రతి దినము వేసికొనువారైనచో, సర్పి నొప్పికి తెచ్చిన క్రొత్త మందు ఆ పాత బిళ్లతో కలిసి లోపల రక్తస్రావమునకు దారి తీయవచ్చును. ఈ రెండు మందుల పొత్తులోని ప్రమాదమును వైద్యలోకము ఏ విధముగా తెలిసికొన్నదో చెప్పుట మా ఉద్దేశము. కథ మొదట గొడ్లపాక నుండి ఆరంభమగును.

ఉత్తర అమెరికాలోని మైదానములలో రైతులు స్వీట్ క్లోవర్ అను మొక్కను పశువుల మేతకై పెంచుచుండిరి. అది మన మెంతికి దగ్గరి చుట్టము. కోసి ఎండబెట్టినప్పుడు కమ్మని వాసన వేయును. 1920 తరువాతి తడి సంవత్సరములలో ఆ ఎండుగడ్డికి వాములలోనే బూజు పట్టినది. దానిని మేసిన పశువులకు కొమ్ములు కోసినను, చిన్న గాయమైనను రక్తము ఆగక చచ్చిపోవుచుండెను. ఏ గాయమును లేకుండగనే లోలోపల రక్తమోడి కూలినవియు ఉన్నవి. కెనడా దేశపు పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డు ఒకే వామి నుండి మంచి కాడలను, చెడిన కాడలను వేరుచేసి కుందేళ్లకు మేపి చూచినాడు. మంచి కాడలు తిన్నది సుఖముగా ఉన్నది. చెడిన కాడలు తిన్నది రక్తస్రావముతో చనిపోయినది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చక్కగా తేల్చిన పరీక్షలు వైద్యచరిత్రలో ఎక్కువ లేవు. నార్త్ డకోటాలో లీ రోడరిక్ అను మరొక పశువైద్యుడు, ఆ పశువుల రక్తములో గడ్డకట్టుటకు కావలసిన ప్రోత్రాంబిన్ అను పదార్థము తగ్గిపోవుచున్నదని చూపినాడు.

1933 ఫిబ్రవరిలో ఒక శనివారమున, మంచుతుపానులో, విస్కాన్సిన్ రాష్ట్రపు డీర్ పార్కు ప్రాంత రైతు ఎడ్ కార్ల్‌సన్ సుమారు 190 మైళ్లు బండి నడుపుకొని మాడిసన్ పట్టణమునకు వచ్చినాడు. బండిలో చచ్చిన పెయ్య ఒకటి, వంద పౌన్ల చెడిన గడ్డి, పాలక్యానులో పోసి తెచ్చిన పశురక్తము ఉన్నవి. ఆ రక్తము గడ్డకట్టలేదు. పశువైద్యాధికారి కార్యాలయము మూసియుండగా, తలుపు తెరచియున్న జీవరసాయనశాలలో ప్రవేశించి, కార్ల్ పాల్ లింకు అను ఆచార్యుని ఎదుట ఆ క్యాను దించినాడు. ఆ గడ్డి మాన్పించుమని, వేరొక పశువు రక్తము ఎక్కించి చూడుమని చెప్పుట తప్ప లింకు ఆనాడు ఏమియు చేయలేకపోయినాడు. రైతు అదే మంచులో తిరిగి పోయినాడు. లింకు, ఆయన సహాయకుడు షోఫెల్ మాత్రము ఆ రాత్రి పొద్దుపోవువరకు ఆ రక్తము చుట్టూ తిరుగుచునే ఉన్నారు.

ఆ గడ్డిలోని విషము చేతికి చిక్కుటకు ఆరేండ్లు పట్టినది. 1939 జూన్ 28వ తేదీన లింకు శిష్యుడు హెరాల్డ్ కాంప్‌బెల్ రాత్రియంతయు మేల్కొని పని చేసి, సూక్ష్మదర్శిని క్రింద దాని స్ఫటికములను చూచినాడు. మొత్తము బరువు ఆరు మిల్లీగ్రాములు. దాని పేరు డైకూమరాల్. ఎండుగడ్డికి కమ్మని వాసన నిచ్చు కూమరిన్ నుండియే బూజు చేతిలో ఈ పదార్థము పుట్టుచున్నది. 1941లో మేయో క్లినిక్ వైద్యులు దీనిని మనుష్యులలో పరీక్షించి చూచిన సంగతి ప్రకటించినారు. పశువులను చంపినది కాళ్ల నరములలో రక్తము గడ్డకట్టిన రోగులకు అక్కరకు వచ్చినది.

ఇదే కాలమున మరొక వైపు డెన్మార్కులో హెన్రిక్ డామ్ కోడిపిల్లలకు క్రొవ్వు లేని మేత పెట్టి, వానికి రక్తస్రావము కలుగుట చూచి, రక్తము గడ్డకట్టుటకు ఒక విటమిన్ అవసరమని గ్రహించినాడు. దానికి "కె" అను అక్షరము డేనిష్, జర్మన్ భాషలలో గడ్డకట్టుటను తెలుపు మాట నుండి వచ్చినది. అమెరికాలోని డోయిసీతో కలిసి ఆయన 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందినాడు. మన కాలేయము విటమిన్ కె సాయముతో గడ్డకట్టు పదార్థములు కొన్నింటిని తయారుచేయును. లింకు మందు ఆ విటమిన్ పనిని అడ్డగించును. కావున "రక్తము పలుచబడును" అను మాట వాడుకలో నిలిచినను అది సరికాదు. రక్తము చిక్కదనము మారదు. గడ్డకట్టు వేళ మాత్రమే ఆలస్యమగును. ఈ భేదము గుర్తుంచుకొన్నచో మీద చెప్పబోవునది సులభముగా బోధపడును.

1945లో క్షయ తిరుగబెట్టి శానిటోరియములో పడియున్న లింకునకు ఎలుకలను చంపుటకు ఈ జాతి పదార్థము పనికివచ్చునని తోచినది. తమ ప్రయోగశాలలో తయారైన వరుసలో 42వ సంఖ్య గల దానిని ఎంచుకొన్నారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పరిశోధన నిధి పేరులోని తొలి అక్షరములతో దానికి వార్ఫరిన్ అని నామకరణము జరిగినది. 1948లో అది ఎలుకల మందుగా అంగడికి వచ్చినది. 1951లో అమెరికా సైన్యములో క్రొత్తగా చేరిన ఒక యువకుడు ప్రాణము తీసికొనదలచి 567 మిల్లీగ్రాముల వార్ఫరిన్ మ్రింగినాడు. వైద్యులు విటమిన్ కె ఇచ్చి అతనిని పూర్తిగా బ్రతికించినారు. విరుగుడు ఉన్నదని ఈ విధముగా తెలిసినది. 1954లో మనుష్యులకు వాడుటకు అనుమతి లభించినది. మరుసటి ఏట అధ్యక్షుడు ఐసన్‌హోవరుకు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకును ఇచ్చినారు. దానితో ఎలుకల మందు అను ఏవగింపు తగ్గినది.

ఎంత మోతాదు ఇచ్చిన చాలునో తెలియుట వేరొక చిక్కు. 1935లో ఆర్మండ్ క్విక్ అను వైద్యుడు రక్తము గడ్డకట్టు కాలమును కొలుచు పరీక్ష ఏర్పరచినాడు. అందులో వాడు పదార్థమును జంతువుల మెదడు నుండి తీసెడివారు. ఒకచోటి పదార్థమునకు, మరొకచోటి పదార్థమునకు సూక్ష్మత సమానము కాదు. అమెరికాలో వాడినది మందకొడిది. అందువలన అక్కడి వైద్యులు తమకు తెలియకనే ఇంగ్లాండు వారి కంటె ఎక్కువ మందు ఇచ్చుచుండిరి. 1982లో కెనడాకు చెందిన హల్, ఆయన సహచరులు 96 మంది రోగులను రెండు జట్లుగా చేసి చూడగా, ఎక్కువ మోతాదు జట్టులో సుమారు 22 శాతము మందికి, తక్కువ మోతాదు జట్టులో సుమారు 4 శాతము మందికి రక్తస్రావము జరిగినది. గడ్డకట్టుట ఆపుటలో రెండు జట్లకు చెప్పుకోదగిన భేదము లేదు. మరుసటి ఏట ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశములకు ఒకే కొలత నిర్ణయించినది. నేడు మన రక్తపరీక్షశాలలు ఇచ్చు చీటీపై "ఐ.ఎన్.ఆర్." అని కనిపించునది అదియే. వార్ఫరిన్ వేసికొను వారిలో చాలమందికి అది 2కును 3కును మధ్య ఉండవలెనని వైద్యులు కోరుదురు.

కొలత కుదిరినది, విరుగుడు దొరికినది. ఇంక భయమేమి? అని అడుగవచ్చును. మోతాదు మారకున్నను, ప్రక్కన మరొక మందు చేరినచో అదే బిళ్ల రెండింతలుగా పని చేయుట వైద్యులకు ఎదురైనది. ఇక్కడనే సర్పి కథలో ప్రవేశించుచున్నది.

సర్పి ఎందుకు పెద్దవారినే వెదకికొని వచ్చును? 1888 ప్రాంతమున బుడాపెస్టు వైద్యుడు బోకాయ్, సర్పి ఉన్న ఇంటిలోని పిల్లలకు ఆటలమ్మ పోయుట గమనించి, రెండింటికిని ఏదో బంధము కలదని అనుమానించినాడు. ఇంగ్లాండులోని సైరన్‌సెస్టర్ అను చిన్న ఊరి వైద్యుడు ఎడ్గార్ హోప్-సింప్సన్ తన వద్దకు వచ్చు కుటుంబములలోని సర్పి రోగులను 16 సంవత్సరములు వ్రాసికొని, 1965లో తన సిద్ధాంతమును ప్రకటించినాడు. చిన్ననాడు ఆటలమ్మ తెచ్చిన క్రిమి పోదు. నరముల మూలములలో దాగి నిద్రించును. ముసలితనమున శరీరపు కాపలా సడలినప్పుడు అది మేల్కొని, తాను దాగిన నరము వెంట దిగివచ్చును. పెద్ద పెద్ద ప్రయోగశాలలు లేకుండ, తన ఊరి ప్రజలను శ్రద్ధగా చూచుటచేతనే ఒక గ్రామవైద్యుడు ఇంతటి సత్యమును పట్టుకొనుట మాకు ఎప్పుడును ఆశ్చర్యముగానే ఉండును.

ఏ వయస్సులో సర్పి ఎక్కువగా వచ్చునో, ఆ వయస్సులోనే గుండె లయ తప్పుట, పక్షవాతము, కాలినరములో రక్తము గడ్డకట్టుట కూడ ఎక్కువ. ఒకే మంచము మీద రెండు రోగములు, ఒకే పళ్లెరములో రెండు రకముల బిళ్లలు చేరుటకు కారణమిదే. మన దేశములో ఇది ముసలివారికే పరిమితము కాదు. కీళ్లవాతపు జ్వరము వలన గుండె కవాటములు చెడి, లోహపు కవాటము అమర్చుకొన్న నడివయస్కులు మనలో ఎందరో ఉన్నారు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన కవాటమును తొలిసారి రోగికి అమర్చినది 1990లో. అట్టి కవాటము ఉన్నవారు జీవితాంతము వార్ఫరిన్ గాని, దాని తోబుట్టువైన అసినోకూమరాల్ గాని వేసికొనవలసినదే.

ఇక సర్పి నొప్పి సంగతి. అనుభవించిన వారికి తప్ప దాని మంట తెలియదు. చొక్కా తగిలినను ఓర్వలేరు. పొక్కులు మాడిన తరువాత కూడ కొందరికి నెలల తరబడి నొప్పి నిలుచును. అందుచేత నొప్పి మాన్పు మందుల కొరకు రోగి ఆత్రపడుట సహజము. 1949లో స్విట్జర్లాండు నుండి ఫినైల్‌బ్యుటజోన్ అను నొప్పిమందు వచ్చినది. వార్ఫరిన్ వాడువారు దీనిని కూడ పుచ్చుకొన్నచో రక్తస్రావము కలుగుట వైద్యులు గుర్తించినారు. 1967లో ఆగెలర్, ఓరైలీ మొదలైనవారు పరీక్షించి, ఒకే మోతాదు వార్ఫరిన్ ఫినైల్‌బ్యుటజోన్ తోడైనప్పుడు ఎక్కువ బలముగా పని చేయుచున్నదని నిరూపించినారు. కారణమేమి? రక్తములోని మాంసకృత్తులకు అంటిపెట్టుకొని ఊరకుండు వార్ఫరిన్‌ను నొప్పిమందు త్రోసి బయటికి నెట్టుచున్నదని మొదట చెప్పుకొన్నారు. చూచుటకు అందమైన సమాధానమే. కాని వార్ఫరిన్ అనునది ఎడమచేయి, కుడిచేయి వలె రెండు రూపుల మిశ్రమము. 1974లో ల్యూయిస్, ట్రాగర్ అను శాస్త్రజ్ఞులు వానిని వేరుగా పరిశీలించి, బలమైన రూపమును శరీరము విరిచివేయుటకు ఫినైల్‌బ్యుటజోన్ అడ్డుపడుచున్నదని చూపినారు. త్రోపుడు కాదు, అడ్డగింత. ఈ భేదము చిన్నది కాదు. అడ్డగింతయే నిజమైనచో, కాలేయములో అదే దారిన పోవు ఏ మందైనను ఇట్టి అపాయము తేగలదు. సర్పి పొక్కులు చీము పట్టినప్పుడు ఇచ్చు సూక్ష్మక్రిమి నాశకములలో కోట్రైమాక్సజోల్ మొదలైన కొన్ని ఆ విధముగానే వార్ఫరిన్ బలమును పెంచును.

ఫినైల్‌బ్యుటజోన్ మనుష్యుల వైద్యములో దాదాపు వెనుకబడినది. దాని బంధుగణము మాత్రము నేటికిని ప్రతి మందుల అంగడిలో ఉన్నది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ అను పేర్లు తెలియని ఇల్లు లేదు. ఇవి జీర్ణకోశపు పొరను గాయపరచును. రక్తములోని ప్లేట్‌లెట్లు ఒకదానితో నొకటి అంటుకొనుటను మందగింపజేయును. గడ్డకట్టు పదార్థములు తక్కువగా ఉన్న శరీరములో ఈ రెండు పనులు జరిగినచో ఏమగునో ఊహింపవచ్చును. మలము తారు వలె నల్లబడుట, చిగుళ్ల నుండి రక్తము, ఎఱ్ఱని మూత్రము, కారణము లేని కమిలిన మచ్చలు కనిపించినచో ఆ దినమే వైద్యునికి చూపవలెను. పడి తలకు దెబ్బ తగిలినచో గాయము పైకి కనిపించకున్నను ఆసుపత్రికి పోవలసినదే.

అన్ని మందులును వార్ఫరిన్ బలమును పెంచునవి కావు. నరముల నొప్పికి ఇచ్చు కార్బమజెపిన్ దానికి విరుద్ధము. అది వార్ఫరిన్‌ను వేగముగా విరిచివేయునట్లు చేయునని 1971లో డెన్మార్కు వైద్యులు ప్రకటించినారు. వైద్యుడు వార్ఫరిన్ మోతాదు పెంచి సరిచేయును. కొన్ని వారములకు సర్పి నొప్పి తగ్గి, రోగి కార్బమజెపిన్ మానివేయును. పెంచిన వార్ఫరిన్ మాత్రము పెరిగినట్లే ఉండును. మందు తినుట వలన గాక, మానుట వలన రక్తస్రావము సంభవించు వింత ఇది.

మందుల మాట అటుండగా, మన ఇండ్లలో పథ్యమొకటి కలదు. సర్పి వచ్చినవారికి పదిదినములు ఆకుకూరలు మాన్పించి, చారు అన్నముతో సరిపుచ్చుట పరిపాటి. నొప్పితో ఆకలి ఎట్లును ఉండదు. విటమిన్ కె అధికముగా ఉండునవి ఆకుకూరలే. ప్రతి దినము తోటకూర, పాలకూర తినుచు ఆ లెక్కకు సరిపోవు వార్ఫరిన్ పుచ్చుకొనువారు హఠాత్తుగా వానిని మానినచో, బిళ్ల మారకున్నను దాని ప్రభావము పెరుగును. కంటికి కనిపించని ఈ మార్పును వైద్యునితో చెప్పవలెనని ఎవరికిని తోచదు. అందుకే సర్పి వచ్చిన వారు, క్రొత్త మందు మొదలుపెట్టిన కొద్ది దినములలోనే ఐ.ఎన్.ఆర్. ఒకసారి అదనముగా చూపించుకొనుట మంచిది.

ఇంకను ఒక సందర్భము ఉన్నది. బిళ్లలకు లొంగని సర్పి నొప్పికి వెన్నుపాము పొరల చెంత సూదితో మందు ఇచ్చుట కలదు. రక్తము గడ్డకట్టని వానికి అక్కడ చిన్న రక్తనాళము తెగినచో, గట్టి ఎముక నడుమ రక్తము చేరి నరములను నొక్కివేయును. కాళ్లు పడిపోవును. హెపారిన్ జాతి సూదిమందులు వాడు రోగులలో వెన్ను సూది వలన ఇట్టి ప్రమాదములు జరిగినవని 1997 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణశాఖ హెచ్చరిక చేసినది. అది సర్పి రోగులను గూర్చి ప్రత్యేకముగా చెప్పినది కాదు గాని, వెన్ను సూదికి పోవు సర్పి రోగి తన పాత బిళ్లను ముందుగా చెప్పుటకు అదియే కారణము.

సర్పి మందే చంపిన కథ ఒకటి జపానులో జరిగినది. 1993లో అక్కడ సొరివుడిన్ అను క్రొత్త సర్పి మందు అంగడికి వచ్చిన 40 దినములలో 15 మంది మరణించినారు. వారందరును క్యాన్సరునకు ఫ్లోరోయురాసిల్ జాతి మందు వాడుచున్నవారు. ప్రేగులలోని క్రిములు సొరివుడిన్‌ను మరొక పదార్థముగా మార్చినవి. అది క్యాన్సరు మందును విరిచివేయు రసమును పాడుచేసినది. విరగని ఆ మందు ఒంటిలో పోగుపడి ఎముకల మూలుగను దెబ్బతీయగా తెల్లకణములు, ప్లేట్‌లెట్లు పడిపోయినవి. ఇక్కడ వార్ఫరిన్ లేదు. అయినను అడ్డగింత అదే. ఒక రోగమునకు ఇచ్చిన మందు, మరొక రోగమునకు ఇచ్చిన దానిని విషముగా మార్చినది. ఆ మందును వెనుకకు తీసికొన్నారు. మనము నేడు సర్పికి వాడు ఎసైక్లోవిర్ ఇట్టిది కాదు. అది గర్‌ట్రూడ్ ఎలియన్ బృందపు కృషి. ఆమెకు 1988లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఇదంతయు విన్న కొందరు, సర్పి తగ్గువరకు రక్తము పలుచబడు బిళ్లను మానివేయుదుమని అనవచ్చును. అది వైద్యుని అనుమతి లేనిదే ఎంతమాత్రము కూడదు. సర్పి క్రిమి రక్తనాళములను కూడ బాధించును. తైవానులో 2009లో ప్రకటించిన ఒక పరిశీలనలో, సర్పి వచ్చిన తరువాతి ఏడాదిలో పక్షవాతము వచ్చు అవకాశము, సర్పి రానివారి కంటె 31 శాతము ఎక్కువగా కనిపించినది. కంటి వైపు నరమునకు సర్పి వచ్చినవారిలో అది నాలుగు రెట్లు దాటినది. అనగా ఏ వేళ బిళ్ల అపాయకరమని తోచునో, ఆ వేళకే దాని అవసరము కూడ పెరుగుచున్నది. లోహపు కవాటము ఉన్నవారు బిళ్ల మానినచో ఆ కవాటముపైనే రక్తము గడ్డకట్టవచ్చును.

2010 తరువాత డబిగట్రాన్, రివరాక్సబాన్ వంటి క్రొత్త బిళ్లలు వచ్చినవి. వీనికి ఆకుకూరలతో పేచీ లేదు, ఐ.ఎన్.ఆర్. చూచుకొను శ్రమ లేదు. కార్బమజెపిన్‌తో మాత్రము వీనికిని పడదు. వాని బలము తగ్గిపోవును. నొప్పిమందులతో రక్తస్రావము వీనికిని తప్పదు. మూత్రపిండములు మందగించిన వృద్ధులలో ఇవి ఒంటిలో నిలిచిపోవును. లోహపు కవాటము ఉన్నవారికి ఇవి పనికిరావు. వార్ఫరిన్ నేటికిని ఇంటింట మిగిలియుండుట అందుచేతనే.

సర్పి రాకుండ చేయు టీకా కూడ ఇప్పుడు దొరకుచున్నది. షింగ్రిక్స్ అను పేరుతో 2023లో మన దేశమునకు వచ్చినది. 50 ఏండ్లు దాటినవారికి రెండు నుండి ఆరు నెలల ఎడముతో రెండుసార్లు భుజము కండరములో ఇత్తురు. రక్తము పలుచబడు బిళ్ల వేసికొనువారు దీనిని వదలుకోనక్కరలేదు. ఇచ్చువారితో ముందుగా ఆ సంగతి చెప్పినచో, సన్నని సూది వాడి, ఇచ్చినచోట రుద్దకుండ కనీసము రెండు నిమిషములు దూదితో గట్టిగా అదిమి పట్టుదురు.